స్మార్ట్ హోమ్ యాప్‌లకు రుసుము – స్వతంత్ర డెవలపర్ల శ్రమ, వినియోగదారుల భద్రత: ఉత్తర తెలంగాణ నేపథ్యంలో పరిశీలన

వ్యాససంగ్రహం:

ఇంటిలోని దీపాలు, తాళాలు, కెమెరాలు, నీటి మోటార్లను ఫోన్ ద్వారా నియంత్రించే యాప్‌లను పెద్ద సంస్థలే కాక, ఒంటరిగా పనిచేసే స్వతంత్ర డెవలపర్లు కూడా రూపొందిస్తున్నారు. వాటికి వారు రుసుము తీసుకోవడం సమంజసమా అనే ప్రశ్నను ఉమ్మడి కరీంనగర్, ఆదిలాబాద్ జిల్లాల అనుభవం ఆధారంగా ఈ వ్యాసం పరిశీలిస్తుంది. వ్యవసాయ మోటార్ల ఆటోస్టార్టర్లు, ఉచిత తెలుగు సాఫ్ట్‌వేర్ సంప్రదాయం, విదేశాలలో మూతపడిన స్మార్ట్ హోమ్ సేవలు, గ్రామీణ వృత్తులలోని మేర పద్ధతి అనే నాలుగు అంశాలను పోల్చి చూస్తుంది. యాప్‌ను ఒకసారి అమ్మే వస్తువుగా కాక నిరంతర నిర్వహణగా గుర్తించినప్పుడే ఈ ప్రశ్నకు న్యాయమైన సమాధానం లభిస్తుందని ప్రతిపాదిస్తుంది.

కీలకపదాలు: స్మార్ట్ హోమ్, స్వతంత్ర డెవలపర్, చందా, ఆటోస్టార్టర్, మేర, స్వేచ్ఛా సాఫ్ట్‌వేర్, గల్ఫ్ వలస, ఉత్తర తెలంగాణ.

1. ఉపోద్ఘాతం:

2016 అక్టోబరు 11న జరిగిన పునర్వ్యవస్థీకరణతో ఉమ్మడి ఆదిలాబాద్ జిల్లా ప్రధానంగా ఆదిలాబాద్, నిర్మల్, మంచిర్యాల, కుమురం భీం ఆసిఫాబాద్ జిల్లాలుగా, ఉమ్మడి కరీంనగర్ జిల్లా ప్రధానంగా కరీంనగర్, జగిత్యాల, పెద్దపల్లి, రాజన్న సిరిసిల్ల జిల్లాలుగా విడిపోయాయి. పరిపాలనాపరంగా విడిపోయినా ఈ ప్రాంతానికి కొన్ని ఉమ్మడి లక్షణాలున్నాయి. బావులు, బోర్ల మీద ఆధారపడిన సేద్యం ఇక్కడ విస్తారంగా ఉంది. సింగరేణి బొగ్గుగనులు, రామగుండం విద్యుత్ కేంద్రం చుట్టూ పెరిగిన పట్టణాలలో షిఫ్టుల వారీగా పనిచేసే కుటుంబాలున్నాయి. జగిత్యాల, సిరిసిల్ల, నిర్మల్ ప్రాంతాల నుండి గల్ఫ్ దేశాలకు దశాబ్దాలుగా వలస సాగుతోంది. మోటారు బావి దగ్గర, రైతు ఇంటి దగ్గర. కార్మికుడు రాత్రి షిఫ్టులో, పిల్లలు ఇంటిలో. కొడుకు దుబాయిలో, వృద్ధులైన తల్లిదండ్రులు ఊరిలో. దూరంగా ఉండి ఇంటిని, పొలాన్ని కనిపెట్టుకోవలసిన అవసరం ఈ జీవితాలలోనే ఉంది. కాబట్టి స్మార్ట్ హోమ్‌ను కేవలం నగరవాసుల విలాసంగా పరిగణించడం ఈ ప్రాంతం విషయంలో సరికాదు.

ఈ అవసరాన్ని తీర్చగల సాంకేతిక విద్య కూడా ఇక్కడికి చేరింది. 2008లో బాసరలో రాజీవ్ గాంధీ వైజ్ఞానిక సాంకేతిక విశ్వవిద్యాలయం ఏర్పడింది. జగిత్యాల జిల్లా నాచుపల్లిలో జవహర్‌లాల్ నెహ్రూ సాంకేతిక విశ్వవిద్యాలయపు ఇంజినీరింగ్ కళాశాల ఉంది. 2017లో కరీంనగర్ కేంద్రప్రభుత్వ స్మార్ట్ సిటీ పథకానికి ఎంపికయింది. 2020లో అక్కడ ఐటీ టవర్ ప్రారంభమయింది. ఈ విద్యాసంస్థల నుండి వచ్చిన యువకులు తమ ఊరి అవసరానికి ఒక యాప్ తయారుచేయడం అసాధ్యమేమీ కాదు. తయారుచేసిన తరువాత దానిని సంవత్సరాల తరబడి నడపడమే కష్టం. రుసుము ప్రశ్న తలెత్తేది అక్కడే.

2. స్మార్ట్ హోమ్ యాప్ – పనితీరు, ఖర్చుల స్వరూపం:

స్మార్ట్ హోమ్ వ్యవస్థలో మూడు అంచెలుంటాయి. మొదటిది పరికరం: స్విచ్, బల్బు, తాళం, కెమెరా వంటివి. 2014లో ఎస్‌ప్రెసిఫ్ సంస్థ నుండి వచ్చిన ఈఎస్‌పీ8266 అనే చిన్న వైఫై చిప్ ఈ అంచెను ఎంతో చౌకగా మార్చింది. అంతవరకు ప్రయోగశాలలకు పరిమితమైన పని విద్యార్థుల చేతికి వచ్చింది. రెండవది ఇంటిలోని వైఫై. ఫోన్, స్విచ్ రెండూ ఒకే వైఫైలో ఉన్నప్పుడు అవి ఇంటర్నెట్ లేకుండానే మాట్లాడుకోగలవు. మూడవది బయటి సర్వర్. దోహాలో ఉన్న వ్యక్తి కోరుట్లలోని ఇంటి గేటు దీపం వెలిగించాలంటే, ఇద్దరికీ అందుబాటులో ఉండే ఒక మధ్యవర్తి కావాలి. సాధారణంగా సర్వర్ చేసేది ఆ పనే.

ఈ మూడు అంచెల ఖర్చులు ఒకే తీరుగా ఉండవు. పరికరం ఖర్చు ఒకసారితో ముగుస్తుంది. ఇంటిలోపలి నియంత్రణకు యాప్ రాసే శ్రమ ప్రధానంగా మొదట్లోనే పడుతుంది. సర్వర్‌కు మాత్రం నెలనెలా అద్దె చెల్లించాలి. కంటికి కనిపించని నాలుగవ ఖర్చు కూడా ఉంది. ఫోన్లలోని ఆపరేటింగ్ వ్యవస్థ ఏటా మారుతుంది. పరికరాల తయారీదారులు తమ పద్ధతులను మారుస్తారు. కొత్త భద్రతాలోపాలు బయటపడతాయి. నిన్నటిదాకా చక్కగా పనిచేసిన యాప్, దానిలో ఒక్క అక్షరం కూడా మారకపోయినా, రేపు పనిచేయకపోవచ్చు. అది అలాగే పనిచేస్తూ ఉండడం కోసం ఎవరో ఒకరు నిరంతరం పనిచేస్తూ ఉండాలి. ఈ నిర్వహణశ్రమను లెక్కలోకి తీసుకోకుండా 'యాప్ ఎలాగూ తయారైంది కదా, ఇంకా డబ్బెందుకు' అని అడగడం విషయాన్ని సగమే చూడడమవుతుంది.

3. ఆటోస్టార్టర్ చెప్పే పాఠం:

ఉత్తర తెలంగాణ గ్రామాలకు స్వయంచాలక నియంత్రణ స్మార్ట్ హోమ్‌తో పరిచయం కాలేదు. బావి దగ్గరి స్టార్టర్ డబ్బాతో పరిచయమయింది. వ్యవసాయ విద్యుత్తు విడతలవారీగా, తరచు రాత్రివేళ వచ్చిన కాలంలో రైతు చీకటిలో పొలానికి వెళ్లి మోటారు వేయవలసి వచ్చేది. పాముకాటు, విద్యుదాఘాతం ఆ ప్రయాణంలో పొంచి ఉన్న ప్రమాదాలు. కరెంటు రాగానే మోటారును దానంతటదే నడిపించే ఆటోస్టార్టర్ ఈ కష్టానికి పరిష్కారంగా వచ్చింది. రైతులు డబ్బు పెట్టి దానిని కొన్నారు, మెకానిక్‌కు కూలి ఇచ్చి బిగించుకున్నారు.

తరువాత పరిస్థితి మారింది. 2017 జూలైలో ఉమ్మడి కరీంనగర్, మెదక్, నల్లగొండ జిల్లాలలో వ్యవసాయానికి 24 గంటల విద్యుత్ సరఫరా ప్రయోగాత్మకంగా మొదలయింది. 2018 జనవరి 1 నుండి అది రాష్ట్రమంతటా అమలులోకి వచ్చింది. కరెంటు ఎప్పుడూ ఉన్నప్పుడు ఆటోస్టార్టర్ ఉన్న మోటారు అవసరం లేకున్నా నడుస్తూనే ఉంటుంది. భూగర్భజలం వృథా అవుతుంది. అంతరాయం తరువాత కరెంటు తిరిగి రాగానే మోటార్లన్నీ ఒక్కసారిగా లేచి ట్రాన్స్‌ఫార్మర్ మీద భారం వేస్తాయి. అందుకే ఆటోస్టార్టర్లను తొలగించుకోవాలని ప్రభుత్వం, విద్యుత్ పంపిణీ సంస్థలు రైతులను కోరాయి. నిన్న ప్రాణాలు కాపాడిన పరికరమే నేడు నష్టహేతువయింది.

ఇందులో రెండు విషయాలు గమనించదగినవి. మొదటిది: స్వయంచాలక సాధనం ఉపయోగం దానిలోపల మాత్రమే ఉండదు, చుట్టూ ఉన్న పరిస్థితిని బట్టి మారుతుంది. డబ్బాలోని ఆటోస్టార్టర్ తనను తాను మార్చుకోలేదు కనుక దానిని ఊడదీయవలసి వచ్చింది. యాప్‌ను మాత్రం మార్చవచ్చు. 'రెండు గంటలు నడిచి ఆగిపో', 'నీరు అందకపోతే ఆగిపో' అనే కొత్త నియమాలను అందులో చేర్చవచ్చు. అయితే ఆ మార్పు చేయడానికి ఒక మనిషి అందుబాటులో ఉండాలి. రెండవది: వ్యవసాయ విద్యుత్తు రైతుకు ఉచితం కావడం వల్ల నిరంతరం నడిచే మోటారు ఖర్చు అతని చేతికి తగలలేదు, అది భూగర్భజలం మీద, ట్రాన్స్‌ఫార్మర్ మీద పడింది. వెల కనిపించనంత మాత్రాన ఖర్చు లేనట్లు కాదు. అది మరొక చోటికి జరుగుతుంది.

ఫోన్ ద్వారా మోటారు నడిపే మొబైల్ స్టార్టర్లు ఈ చరిత్రలో తరువాతి దశ. పుణెకు చెందిన సంతోష్ ఓస్త్వాల్ రూపొందించిన 'నానో గణేశ్' వీటిలో ప్రసిద్ధమైనది. ఇటువంటి స్టార్టర్‌లో ఒక సిమ్ కార్డు ఉంటుంది. ఆ సిమ్‌కు రీఛార్జి చేయించాలి. రీఛార్జి అయిపోతే స్టార్టర్ మూగబోతుంది. అంటే నెలవారీ చందా అనే భావన గ్రామానికి కొత్తది కాదు. తాను కట్టిన డబ్బు దేనికి పోతుందో తెలిసినప్పుడు రైతు దానిని కాదనలేదు.

4. ఉచిత తెలుగు సాఫ్ట్‌వేర్ సంప్రదాయం – పోలిక, భేదం:

తెలుగువారికి ఉచిత సాఫ్ట్‌వేర్ విషయంలో గర్వించదగిన సంప్రదాయం ఉంది. తిరుమల కృష్ణ దేశికాచారి 'పోతన' ఖతిని ఉచితంగా అందించారు. వీవెన్ రూపొందించిన 'లేఖిని' వేలాదిమందికి కంప్యూటర్‌లో తెలుగు రాయడం నేర్పింది. 'స్వేచ్ఛ' సంస్థ ఇంజినీరింగ్ విద్యార్థులలో స్వేచ్ఛా సాఫ్ట్‌వేర్ భావనను ప్రచారం చేసింది. నేటి పరిశోధకులు తెలుగు యూనికోడ్‌లో సిద్ధాంతగ్రంథాలు రాయగలగడం వెనుక ఇటువంటి నిస్వార్థ శ్రమ ఉంది. ఈ సంప్రదాయాన్ని చూపి, స్మార్ట్ హోమ్ యాప్ కూడా ఉచితంగానే ఉండాలని వాదించేవారున్నారు.

ఈ పోలికలో ఒక ముఖ్యమైన భేదాన్ని గుర్తించాలి. ఖతి ఒకసారి తయారైతే దాదాపు పూర్తయినట్లే. దానిని దించుకొన్నవారికి సర్వర్ అవసరం లేదు. రూపకర్త విశ్రాంతి తీసుకున్నా అక్షరం చెరిగిపోదు. స్మార్ట్ హోమ్ యాప్ అలా కాదు. దాని రూపకర్త పక్కకు తప్పుకుంటే తలుపు తెరచుకోకపోవచ్చు. ఖతిని దానంగా ఇవ్వడం ఒక పుస్తకాన్ని ఇవ్వడం వంటిది. యాప్‌ను దానంగా ఇవ్వడం రాత్రింబవళ్లు కాపలా ఉంటానని మాట ఇవ్వడం వంటిది. మొదటిది ఒకనాటి ఔదార్యంతో సాధ్యం; రెండవది నిలబడాలంటే ఆదాయం కావాలి.

మరొక స్పష్టత కూడా అవసరం. స్వేచ్ఛా సాఫ్ట్‌వేర్ అంటే ఉచిత సాఫ్ట్‌వేర్ అని అర్థం కాదు. 1983లో రిచర్డ్ స్టాల్‌మన్ గ్నూ ప్రాజెక్టును ప్రకటించినప్పటి నుండి ఆ ఉద్యమం కోరినది సోర్స్ కోడ్‌ను చదివే, మార్చుకునే, పంచుకునే స్వేచ్ఛను. వెల లేకపోవడాన్ని కాదు. ఆంగ్లంలో ఈ రెండర్థాలకూ ఒకే మాట ఉండడం వల్ల గందరగోళం ఏర్పడింది. తెలుగులో 'స్వేచ్ఛ', 'ఉచితం' వేర్వేరు మాటలు. కనుక రుసుము తీసుకుంటూనే కోడ్‌ను బహిరంగపరచడంలో వైరుధ్యం లేదని తెలుగు పాఠకుడు సులభంగా గ్రహించగలడు.

5. ఉచితం నుండి రుసుముకు – ప్రపంచ అనుభవాలు:

రుసుము ప్రశ్నను మొదట్లోనే తేల్చుకోని సేవలకు ఎదురైన పరిణామాలు గమనించదగినవి. అమెరికాకు చెందిన రివాల్వ్ అనే హబ్‌ను 2014లో నెస్ట్ సంస్థ కొనుగోలు చేసింది. 2016 మే నెలలో ఆ సేవను నిలిపివేయడంతో డబ్బు పెట్టి కొన్న పరికరాలు నిరుపయోగమయ్యాయి. 2020 మే నెలలో వింక్ సంస్థ అప్పటివరకు చందా లేకుండా సాగిన సేవకు నెలకు 4.99 డాలర్లు చెల్లించాలని వారం రోజుల గడువుతో ప్రకటించింది. తీవ్ర నిరసన రావడంతో గడువును వాయిదా వేసింది. 2022 ఏప్రిల్‌లో ఇన్‌స్టియాన్ సర్వర్లు ముందస్తు హెచ్చరిక లేకుండా ఆగిపోయాయి. తరువాత వినియోగదారులలోనే కొందరు ఆ సంస్థను కొని, చందా పద్ధతిలో పునరుద్ధరించారు.

దీనికి భిన్నమైన మార్గాన్ని 'హోమ్ అసిస్టెంట్' చూపింది. 2013లో పౌలస్ షౌట్‌సెన్ వ్యక్తిగత ప్రయత్నంగా మొదలుపెట్టిన ఈ సాఫ్ట్‌వేర్‌ను ఎవరైనా ఉచితంగా వాడుకోవచ్చు. దాని కోడ్ బహిరంగం. 2018లో ఏర్పడిన నాబు కాసా సంస్థ, దూరం నుండి ఇంటిని సులభంగా చేరుకునే సౌకర్యాన్ని చందాకు ఇస్తుంది. ఆ ఆదాయంతో పూర్తికాలపు నిపుణులు పనిచేస్తున్నారు. 2024లో ఈ ప్రాజెక్టు యాజమాన్యం ఓపెన్ హోమ్ ఫౌండేషన్ అనే లాభాపేక్ష లేని సంస్థకు బదిలీ అయింది. ఇక్కడ చందా కట్టనివారి ఇల్లు స్తంభించిపోదు. సొంతంగా ఏర్పాటు చేసుకోగల నైపుణ్యం ఉన్నవారు చందా లేకుండానే దూరనియంత్రణ కూడా పొందగలరు. రుసుము ప్రధానంగా సౌకర్యానికీ, నిర్వహణకూ.

6. మేర పద్ధతి – నిర్వహణకు ప్రతిఫలం:

ఈ నమూనాను అర్థం చేసుకోవడానికి విదేశీ ఉదాహరణలు మాత్రమే చాలవు. తెలంగాణ గ్రామాలలో వడ్రంగి, కమ్మరి రైతుల నాగళ్లను, పనిముట్లను ఏడాది పొడవునా బాగుచేసేవారు. ప్రతి మరమ్మతుకూ వెల కట్టేవారు కాదు. పంట చేతికి వచ్చినప్పుడు కల్లం దగ్గర రైతు వారికి ధాన్యం కొలిచి ఇచ్చేవాడు. దీనినే మేర అన్నారు. వ్యవసాయ మరమ్మతులకు మించిన పనులకు ప్రత్యేకంగా ప్రతిఫలం ఉండేది. హైదరాబాద్ సమీపంలోని శామీర్‌పేటను అధ్యయనం చేసి ఎస్.సి. దూబే 1955లో ప్రచురించిన 'ఇండియన్ విలేజ్' గ్రంథంలో ఇటువంటి వృత్తిసంబంధాల వివరణ ఉంది.

మేరలోని ఆర్థికసూక్ష్మం గమనించదగినది. రైతు కొన్నది నాగలిని కాదు, నాగలి సిద్ధంగా ఉంటుందన్న భరోసాను. నాగలి ఎన్నిసార్లు విరిగినా పని ఆగదు. వృత్తికారుడికి ఏడాదికొకసారి తప్పని ఆదాయం. నేటి భాషలో ఇది వార్షిక చందా. అయితే ఈ పోలికను ఆదర్శీకరించకూడదు. మేర కులవ్యవస్థలో ఇమిడిన సంబంధం. వృత్తికారుడికి ఆ పని మానుకునే స్వేచ్ఛ, ప్రతిఫలం పెంచమని అడిగే బలం పరిమితంగానే ఉండేవి. కనుక ఆ పద్ధతి నుండి గ్రహించవలసింది నిర్వహణకు క్రమబద్ధమైన ప్రతిఫలం అనే సూత్రాన్ని మాత్రమే. ఆ సూత్రానికి నేడు ఇరుపక్షాల స్వేచ్ఛాసమ్మతి, లిఖితపూర్వక నిబంధనలు తోడు కావాలి.

7. దేనికి రుసుము? దేనికి కూడదు?

పై పరిశీలన ఆధారంగా యాప్‌లోని సౌకర్యాలను నాలుగు వర్గాలుగా విభజించవచ్చు.

అ) ఇంటిలోపలి నియంత్రణ: సర్వర్ అవసరం లేని ఈ సౌకర్యాన్ని ఉచితంగా గానీ, ఒకేసారి చెల్లించే వెలకు గానీ ఇవ్వడం న్యాయం. దీనికి నెలవారీ చందా పెట్టడం సమర్థనీయం కాదు. ఆదిలాబాద్ అటవీప్రాంతపు గూడేలలో ఇంటర్నెట్ నిలకడగా ఉండదు. అక్కడ సర్వర్ అనుమతి లేకుండా దీపం కూడా వెలగని యాప్ ఎంత చౌకైనా వ్యర్థమే.

ఆ) దూరనియంత్రణ: ఇది సర్వర్ అద్దెతో, నిరంతర నిర్వహణతో ముడిపడిన సేవ. దీనికి వార్షిక చందా తీసుకోవడం సమంజసం. ఈ ప్రాంతంలో దీని ప్రధాన లబ్ధిదారు వలస వెళ్లిన కుటుంబసభ్యుడు. చెల్లించగలిగేదీ అతనే, ప్రయోజనం పొందేదీ అతనే. ఊరిలోని తల్లిదండ్రుల రోజువారీ వాడకం మీద ఆ భారం పడదు.

ఇ) ప్రాణరక్షణ: పొగ, గ్యాస్ లీకు హెచ్చరికలు, మోటారు అత్యవసర నిలుపుదల వంటివి రుసుముకు అతీతంగా ఉండాలి. చందా గడువు ముగిసిన రోజున తాళం బిగుసుకుపోవడం, హెచ్చరిక ఆగిపోవడం ఏ నిబంధన కిందా అంగీకారయోగ్యం కాదు.

ఈ) స్థాపన, శిక్షణ: స్థానిక ఎలక్ట్రీషియన్‌తో కలిసి ఇంటిలో పరికరాలు బిగించడం, వృద్ధులకు వాడకం నేర్పడం ప్రత్యేక శ్రమ. దీనికి కూలి తీసుకోవడాన్ని ఎవరూ ప్రశ్నించరు. తెలుగు, ఉర్దూ, మరాఠీ, గోండి మాట్లాడే ప్రాంతంలో ఈ పనిని దూరాన ఉన్న పెద్ద సంస్థ కంటే స్థానిక డెవలపరే చక్కగా చేయగలడు.

ఈ విభజనలో ఆదాయం ఎంతవరకు వస్తుందో ఒక ఊహాత్మక లెక్కతో చూడవచ్చు. 300 ఇళ్లు ఏడాదికి రూ.300 చొప్పున చందా కడితే రూ.90,000 వస్తుంది. చిన్న డెవలపర్ల నుండి గూగుల్ ప్లే 2021 జూలై నుండి అమలు చేస్తున్న 15 శాతం కమిషన్ లెక్కన రూ.13,500 పోతే రూ.76,500 మిగులుతుంది. సర్వర్‌కు నెలకు రూ.1,000 అనుకుంటే మిగిలేది రూ.64,500, అంటే నెలకు రూ.5,375. ఒక ఇంజినీరు జీవనానికి ఇది చాలదు. చందాతో సర్వర్ నిలుస్తుంది కానీ మనిషి నిలవడు. స్థాపనకు తీసుకునే కూలి తోడైతేనే వృత్తిగా గిట్టుబాటవుతుంది. పైగా ఇంటికి వచ్చి చేసే పని భౌతికసేవ కనుక దానికి యాప్ స్టోర్ కమిషన్ వర్తించదు.

చెల్లింపు పద్ధతి కూడా ఆలోచించదగిన అంశమే. 2021 అక్టోబరు నుండి రిజర్వు బ్యాంకు నిబంధనల ప్రకారం కార్డుల నుండి తనంతట తాను జరిగే చెల్లింపులకు 24 గంటల ముందు సమాచారం ఇవ్వాలి. నెలవారీ చిన్నమొత్తాల కంటే ఏడాదికొకసారి యూపీఐ ద్వారా తీసుకునే రుసుము ఇరుపక్షాలకూ సులభం.

8. ఆక్షేపణలు – సమాధానాలు:

రుసుము పెడితే పేదలు దూరమవుతారనేది మొదటి ఆక్షేపణ. ఇంటిలోపలి నియంత్రణ, ప్రాణరక్షణ ఉచితంగా ఉన్నంతవరకు ఈ ఆక్షేపణ బలం చాలావరకు తగ్గుతుంది. పెద్ద సంస్థల యాప్‌లు ఉచితంగా దొరుకుతుండగా స్వతంత్ర డెవలపర్‌కు ఎందుకు చెల్లించాలనేది రెండవది. ఆ యాప్‌ల ఖర్చు పరికరం ధరలో కలిసి ఉంటుంది, లేదా వినియోగదారుల సమాచారం నుండి రాబట్టబడుతుంది. స్మార్ట్ హోమ్ సేకరించే సమాచారం సామాన్యమైనది కాదు. ఇంటిలో ఎవరు ఎప్పుడు లేస్తారు, తలుపు ఎప్పుడు మూస్తారు, ఇల్లు ఎన్నాళ్లు ఖాళీగా ఉంటుంది అనే వివరాలన్నీ అందులో ఉంటాయి. ఇంటివారు గల్ఫ్‌లో ఉండగా తాళం వేసిన ఇల్లు ఏదో తెలిపే సమాచారం తప్పుడు చేతులలో పడితే కలిగే నష్టం ఏ చందాతోనూ పోల్చలేనిది. 2023 డిజిటల్ వ్యక్తిగత సమాచార రక్షణ చట్టం సమ్మతిని ప్రధానసూత్రంగా నిలిపింది. అయితే సమాచారాన్ని అమ్ముకోవలసిన అవసరం లేని ఆదాయమార్గం ఉండడమే మెరుగైన రక్షణ.

డబ్బు తీసుకున్న డెవలపర్ రేపు ఉద్యోగం దొరికి హైదరాబాద్ వెళ్లిపోతే ఏమిటనేది మూడవ ఆక్షేపణ. ఇది మూడింటిలో బలమైనది. రుసుము స్వయంగా ఈ ప్రమాదాన్ని తొలగించదు. అందుకు నిష్క్రమణ నిబంధన అవసరం. సేవ ఆపదలిస్తే కనీసం ఆరు నెలల ముందు తెలియజేయడం, మిగిలిన కాలానికి చందా తిరిగి ఇవ్వడం, సోర్స్ కోడ్‌ను బహిరంగపరచడం, పరికరాలు సర్వర్ లేకుండా ఇంటిలోపల పనిచేసేలా వదలడం అందులో ఉండాలి. ఈ హామీని యాప్ అమ్మే రోజే రాసి ఇవ్వాలి.

9. ముగింపు:

1. స్మార్ట్ హోమ్ యాప్ ఖతి వలె ఒకసారి ముగిసే రచన కాదు, నిరంతర నిర్వహణ. కనుక స్వతంత్ర డెవలపర్ రుసుము తీసుకోవడం సమంజసం.

2. కోడ్‌కు కాక నిర్వహణకు, సర్వర్‌కు, స్థాపనకు రుసుము ఉండాలి. ఇంటిలోపలి ప్రాథమిక నియంత్రణకు చందా కూడదు. ప్రాణరక్షణకు ఏ రుసుమూ కూడదు.

3. ఆటోస్టార్టర్ల అనుభవం ప్రకారం పరిస్థితి మారినప్పుడు సాధనం కూడా మారాలి. మార్చే మనిషికి జీవనాధారం లేకపోతే ఆ సాధనమే భారమవుతుంది.

4. వెల లేనిచోట ఖర్చు వినియోగదారుల సమాచారం రూపంలోనో, సేవ అర్ధాంతరంగా ఆగిపోవడం రూపంలోనో బయటపడే అవకాశం ఉంది.

5. ఉత్తర తెలంగాణ పరిస్థితులకు తక్కువ మొత్తపు వార్షిక చందా, స్థానిక ఎలక్ట్రీషియన్ల భాగస్వామ్యం, లిఖితపూర్వక నిష్క్రమణ హామీ కలిసిన నమూనా అనుకూలం.

రుసుము ఎంత అనే దానికన్నా, అది కట్టడం మానిన మరుసటి రోజు ఇల్లు ఎలా ఉంటుందన్నది ముఖ్యమైన ప్రశ్న. ఆ రోజు కూడా గేటు తెరచుకుని, దీపం వెలిగి, మోటారు ఆగగలిగితే ఆ రుసుము న్యాయమైనది. అలా కాని పక్షంలో యాప్ ఉచితమైనా, వెల గలదైనా వినియోగదారుడు తన ఇంటి తాళంచెవిని మరొకరి చేతిలో పెట్టినట్లే.